చేప ఆకారం సరే, చేపలమ్మే మనిషి మాటేమిటి?

శంషాబాద్ విమానాశ్రయం వైపు వెళ్ళే పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే పక్కన, హైదరాబాదు రాజేంద్రనగర్ ప్రాంతంలో ఒక పెద్ద చేప ఉంది. నాలుగంతస్తుల చేప. ఒంటినిండా మెరిసే లోహపు రేకులు, కన్ను ఉండాల్సిన చోట గుండ్రటి కిటికీ, రెక్కలు, తోక అన్నీ ఉన్నాయి. అది జాతీయ మత్స్య అభివృద్ధి మండలి కార్యాలయం. మండలి 2006లో ఏర్పడింది. కేంద్ర ప్రజాపనుల శాఖ కట్టిన ఈ భవనం 2012లో మొదలయింది. చిరునామాలో కూడా ‘ఫిష్ బిల్డింగ్, 235వ నెంబరు పిల్లరు’ అనే రాసుకుంటారు. ప్రపంచంలోని వింత కట్టడాల గురించి రాసేవాళ్ళు దీన్ని తరచుగా చెబుతూ ఉంటారు.

ఆ భవనం మీద నాకు కోపమేమీ లేదు. ప్రభుత్వ ఆఫీసంటే వెలిసిపోయిన సున్నం, చీకటి వరండా, విరిగిన బెంచీ అనే అలవాటు పడ్డ మనకి ఒక ఆఫీసు చేపలా ఉంటే నవ్వు వస్తుంది, ఆ నవ్వు మంచిదే. వస్తువు ఆకారంలో కట్టడం మనకి కొత్తా కాదు. మా తునికి దగ్గర్లోనే ఉన్న అన్నవరం సత్యనారాయణస్వామి గుడి రథం ఆకారంలో ఉంటుంది, నాలుగు మూలలా నాలుగు చక్రాలతో సహా. కొండెక్కిన ప్రతి పిల్లా ఆ చక్రాల దగ్గర ఆగి చూస్తుంది. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని నెవార్క్‌లో బుట్టలు తయారుచేసే లాంగబర్గర్ అనే కంపెనీ 1997లో తన ఆఫీసుని ఏడంతస్తుల బుట్టలాగా కట్టించుకుంది. పైన రెండు పెద్ద చేతిపిడులు కూడా పెట్టారు. చలికాలంలో వాటికి మంచు గడ్డకట్టకుండా వేడి చేసే ఏర్పాటు కూడా ఉంది! కంపెనీ దెబ్బతిని 2016లో ఉద్యోగులు అందులోంచి వెళ్ళిపోయారు. బుట్ట మాత్రం అక్కడే ఉంది.

చేప ఒక దేశంలో, బుట్ట ఒక దేశంలో. ఈ రెండిటినీ కలిపి చూడాలంటే మాత్రం తుని రావాలి. తుని ఒక్కటే ఏమిటి, మన కోస్తాలో ఏ ఊరికైనా పొద్దున్నే వెళ్ళి చూడండి. పెంటకోట నుంచి, దానవాయిపేట నుంచి, ఒడ్డునున్న పల్లెలన్నిటి నుంచి ఆటోల్లో ఆడవాళ్ళు దిగుతారు. తలమీద చుట్టకుదురు, దానిమీద గంప లేకపోతే సత్తు డేక్సా, అందులో ఐసుముక్కల మధ్య కానాగంతలో నెత్తళ్ళో. ఐసు కరిగిన నీళ్ళు మెడమీదుగా జాకెట్టులోకి కారుతూ ఉంటాయి. అమెరికాలో బుట్ట చేతిపిడికి మంచు పట్టకుండా వేడి పెట్టారని చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఈ మెడలే.

(తుని 2022 నుంచి కాకినాడ జిల్లాలో ఉంది. మేమింకా తూర్పు గోదావరనే అంటాం.)

చేప ఆకారం మీద మోజు హైదరాబాదుతో మొదలవలేదు. ఫ్రాంక్ గేరీ అనే పేరుమోసిన ఆర్కిటెక్టు బార్సిలోనాలో 1992 ఒలింపిక్సు సందర్భంగా సముద్రపు ఒడ్డున ఒక బ్రహ్మాండమైన లోహపు చేపని నిలబెట్టాడు. ఆయన దీపాలూ చేపల్లా చేశాడు, భవనాల వంపుల్లోనూ చేపని దాచాడు. ఈ చేప ఎక్కడినుంచి వచ్చిందో ఆయనే చెప్పుకున్నాడు. ఆయన చిన్నప్పుడు టొరంటోలో అమ్మమ్మ ప్రతి గురువారం బజారుకెళ్ళి బతికున్న చేపని తెచ్చి స్నానాలతొట్టిలో వదిలేదట. పిల్లవాడు ఒకరోజు దానితో ఆడుకునేవాడు. మర్నాడు అమ్మమ్మ దాన్ని కోసి వండేసేది. ఆ చేప కదలిక ఆయన మనసులో ఉండిపోయిందట. కథ చాలా బాగుంది. కానీ మనలాంటి వాళ్ళు వినేటప్పుడు కథలోని ఇంకో మనిషిని కూడా చూస్తాం కదా. ఆ అమ్మమ్మ బజారులో బేరమాడింది, బరువు మోసుకొచ్చింది, పొలుసు తీసింది, వంటింట్లో నిలబడి వండింది. మనవడికి చేప వంపు మిగిలింది. ఆమె నడుం వంపు ఏ కట్టడంలోకీ రాలేదు.

నేను అడగదలుచుకున్న ప్రశ్న ఇదే. కొత్తగా ఆలోచించడం అంటే కొత్త ఆకారమేనా? ఆకారం బయటినుంచి చూసేవాడి కోసం. లోపల పనిచేసే మనిషి ఆకారాన్ని చూడదు, ఎత్తుని చూస్తుంది, నీడని చూస్తుంది, నీళ్ళు ఎంతదూరమో చూస్తుంది, గొళ్ళెం పడుతుందా లేదా చూస్తుంది. ఆ లెక్కలో ఆలోచించిన కట్టడాలు మన ఊళ్ళలో ఎన్ని ఉన్నాయి? అమరావతిలో శాసనసభ, హైకోర్టు ఎలా కనబడాలనే దాని మీద 2017లో ఎంత చర్చ జరిగిందో మనం పేపర్లలో చదివాం. లండన్ నుంచి నార్మన్ ఫోస్టర్ సంస్థ వచ్చింది, సినిమా దర్శకుడు రాజమౌళి సలహా కూడా అడిగారు. స్తూపంలాగానా, శిఖరంలాగానా అని నెలల తరబడి మాట్లాడుకున్నారు. అంత చర్చలో పదోవంతు ఒక చేపల మార్కెట్టు అరుగు ఎత్తు మీద జరిగితే ఏమవుతుందో చూడాలని నాకు ఆశ.

అరుగు ఎత్తు చిన్న విషయం అనుకోకండి. మార్కెట్టు కట్టేటప్పుడు సాధారణంగా ఏం చేస్తారు? నడుమెత్తున సిమెంటు గట్లు వరసగా పోసి, పైన పలకలు పరిచి, షెడ్డు వేస్తారు. నిలబడి చేతికత్తితో కొట్టే మనిషికి ఆ ఎత్తు సరిపోతుంది. అంటే మాంసం కొట్టే మగవాడికి. మన ఆడవాళ్ళు చేప కోసేది కత్తిపీటతో. కత్తిపీటని కాలితో అదిమిపట్టి, కూర్చుని, రెండు చేతులతో చేపని కత్తి మీదికి తోసి కోస్తారు. నిలబడి కత్తిపీట వాడడం కుదరదు. కనుక ఏం జరుగుతుంది? ఆమె ఆ నడుమెత్తు గట్టు మీదికి ఎక్కి కూర్చుంటుంది. చీర దోపుకుని, పట్టుకోడానికి ఏమీ లేకుండా, తడి పలకల మీద కాలు జారకుండా ఎక్కాలి. అరవై ఏళ్ళ మనిషైనా అంతే. గంప ఎవరైనా అందించాలి. కొనేవాళ్ళు కింద, ఆమె పైన. డబ్బులు ఇవ్వడానికి వాళ్ళు చెయ్యెత్తాలి, చేప చూపించడానికి ఆమె ముందుకి వంగాలి. రోజుకి వందసార్లు. నాలుగు రోజులు చూసి ఆమె దిగిపోయి మళ్ళీ రోడ్డు వారకే వచ్చి గోనెసంచి పరుచుకుంటుంది. అప్పుడు అందరూ అంటారు, చూశారా, ఎంత మంచిది కట్టిచ్చినా వీళ్ళకి రోడ్డే కావాలి అని.

ఆ మధ్య ఒక ఊళ్ళో (పేరు అనవసరం) మేడ మీద చేపల మార్కెట్టు పెట్టారు. కింద అద్దెకిచ్చే కొట్లు, పైన చేపలు. అక్కడ ఎవరూ కూర్చోవడం లేదు. ఎందుకని ఒక చేపలమ్మిని అడిగాను. ఆమె నావైపు జాలిగా చూసి, “ఏటమ్మా, మేం మెట్లెక్కుతాం, మాకు అలవాటే. కొనేవోళ్ళు ఎక్కొస్తారా? మీరెక్కుతారా పావుకేజీ నెత్తళ్ళకి?” అంది. నేనెక్కను. ఇంజనీరింగు చదవకుండానే ఆమెకి తెలిసిన ఈ సంగతి ఆ ప్లాను గీసిన చోట ఎవరికీ తట్టలేదు. తట్టలేదు అనడం కూడా సరి కాదు, అడగలేదు.

సరే అయితే మీరే చెప్పండి ఎలా ఉండాలో అని ఆమెనే, పక్కన కూర్చున్న మరో ముగ్గురినీ అడిగాను. బేరాలు లేని ఎండవేళ. ఒక గంట చెప్పారు. గట్టు మోకాలెత్తుకి కొంచెం పైన ఉంటే చాలట. దాని వెనకాల ఇంకో చిన్న మెట్టు, అక్కడినుంచి ఎక్కితే జారదు. ఆమె కూర్చుంటే కొనేవాళ్ళ కళ్ళకి ఆమె కళ్ళు ఎదురుగా రావాలి, అప్పుడే బేరం మర్యాదగా సాగుతుంది. (ఈ మాట వాళ్ళలో అందరికంటే చిన్నది అంది. నేను ఎన్నో సెమినార్లకి వెళ్ళాను గాని ఇంత సూటి మాట వినలేదు.) వీపు ఆన్చుకోడానికి గోడ కావాలి. పలక ముందుకి కాదు, పక్కకి వాలుగా ఉండాలి, లేకపోతే నెత్తురునీళ్ళన్నీ కొనేవాళ్ళ కాళ్ళమీద పడి తిట్లు తినేది తామే. కుళాయి లేచి వెళ్ళకుండా చేతికి అందాలి, లేచి వెళితే చేప పిల్లి పాలో, డబ్బు ఇంకొకరి పాలో అవుతుంది. డబ్బులపెట్టె ఒడికింద పెట్టుకునే గూడు ఉండాలి. షెడ్డు రేకు ఎత్తుగా ఉంటే ఎండ అడ్డంగా వచ్చి మొహానికి కొడుతుంది, కిందికి దింపితే గాలి ఆడదు, కాబట్టి చూరు దిగాలి, నడినెత్తిన గాలి పోయే సందు ఉండాలి.

మరుగుదొడ్డి సంగతి అన్నిటికంటే ఆఖర్న, గొంతు తగ్గించి చెప్పారు. తెల్లవారుజామున ఇంటి దగ్గర బయల్దేరింది మొదలు మళ్ళీ ఇల్లు చేరేదాకా నీళ్ళు తాగరు. తాగితే వెళ్ళాలి, వెళ్ళడానికి చోటు లేదు. ఉన్నచోట లోపలి గొళ్ళెం ఉండదు, బుర్ర ఎత్తున కిటికీ ఉంటుంది, చీర ఎత్తి తగిలించుకోడానికి మేకు ఉండదు, చేతి డబ్బులు పెట్టుకునే గట్టు ఉండదు. మూత్రంలో మంట అనేది వాళ్ళకి జబ్బు కాదు, వ్యాపారంలో ఒక భాగం. ఒక గొళ్ళెం, ఒక మేకు, ఒక జానెడు గట్టు. వీటి ఖరీదు ఎంత?

ఇవన్నీ పెద్ద ఆర్కిటెక్టులు పట్టించుకునే విషయాలా అని మీకు అనుమానం రావచ్చు. పట్టించుకున్న వాళ్ళున్నారు, వాళ్ళలో ఆడవాళ్ళు ఎక్కువగా ఉండడం కాకతాళీయం కాదని నేననుకుంటాను. పాకిస్తాన్‌లో మొదటి మహిళా ఆర్కిటెక్టు యాస్మీన్ లారీ కరాచీలో గాజు, కాంక్రీటు మేడలు కట్టి పేరు తెచ్చుకున్న మనిషి. 2005 భూకంపం తరువాత ఆమె తన పనిని పూర్తిగా మట్టి, సున్నం, వెదురు వైపు తిప్పుకుంది. ఆమె చేసినవాటిలో నాకు అన్నిటికంటే నచ్చింది పొయ్యి. వరదల్లో నేలమీది పొయ్యి మునిగిపోతుంది, పొగ కళ్ళలోకి వస్తుంది, కుక్కలు వచ్చి మూతి పెడతాయి. లారీ పొయ్యిని మట్టి, సున్నంతో పోసిన ఎత్తైన అరుగుమీదికి తెచ్చింది. పొగగొట్టం పెట్టింది, చేతులు కడుక్కునే చోటు పెట్టింది, వండే మనిషి కూర్చునేందుకు ఆ అరుగు మీదే చోటు ఉంచింది. కట్టడం పల్లెటూరి ఆడవాళ్ళకి నేర్పితే వాళ్ళు ఊరూరా తిరిగి మిగతావాళ్ళకి నేర్పి డబ్బు సంపాదించుకున్నారు. పొయ్యిల మీద వాళ్ళే రంగులతో పువ్వులు వేసుకున్నారు. 2023లో బ్రిటన్ ఆర్కిటెక్టుల సంస్థ తన పెద్ద బంగారు పతకాన్ని ఆమెకిచ్చింది. నేలమీద గొంతుక్కూర్చుని వండే మనిషి అరుగెక్కి కూర్చుంటే ఇంట్లో ఆమె స్థానం కొంత మారుతుందని లారీ నమ్మింది. అది ఆకారం గురించిన ఆలోచన కాదు, ఎత్తు గురించిన ఆలోచన.

బంగ్లాదేశ్‌లో మరీనా తబస్సుమ్ ‘ఖుదీ బారీ’ అనే బుల్లి ఇంటిని తయారుచేసింది. మన బంగాళాఖాతానికే ఆ చివర, నది కోసుకుపోయే లంకల్లో ఉండేవాళ్ళ కోసం. వెదురు కర్రలు, ఇనప కీళ్ళు, రెండు అంతస్తులు. వరదొస్తే పైకెక్కాలి, లంకే పోతే ఇల్లు విప్పుకుని ఇంకోచోటికి మోసుకుపోవాలి. 2025లో దానికి ఆగాఖాన్ బహుమతి వచ్చింది. ఇటువంటి తెలివి మనకి పరాయిదేం కాదు. తుని దాటి విశాఖ, శ్రీకాకుళం వైపు పోయేకొద్దీ ఒడ్డు ఊళ్ళలో చుట్టిళ్ళు ఉండేవి, అక్కడక్కడా ఇంకా ఉన్నాయి. గుండ్రటి మందపు మట్టిగోడ, పైన గొడుగులాంటి తాటాకు కప్పు, చూరు మనిషి వంగి దూరేంత కిందికి. గాలివానకి కొట్టుకోడానికి మూల దొరకదు, గాలి చుట్టూ తిరిగి పోతుంది. ఏ ఆర్కిటెక్టూ గీయని ప్లాను అది.

అయితే చుట్టిల్లు చూసి మురిసిపోయే పట్నపువాళ్ళతో నాకు పేచీ ఉంది. తాటాకు కొన్నేళ్ళకోసారి మార్చాలి, ఏటా గోడలు అలకాలి, ఆ అలికే చేతులు ఎవరివో వేరే చెప్పాలా? నిప్పురవ్వ పడితే వాడంతా పోతుంది. పక్కా ఇల్లు కావాలని ఆ ఆడవాళ్ళే అడిగారు, అడగడం సబబే. 2020 డిసెంబరు 25న కాకినాడ దగ్గర కొమరగిరిలో మొదలుపెట్టి రాష్ట్రమంతా ఇళ్ళపట్టాలు ఆడవాళ్ళ పేరునే ఇచ్చారు. పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు. పట్టా మన పేర రావడానికి ఎన్ని ఊరేగింపులు చేశామో మనకి తెలుసు, దాన్ని తక్కువ చేయను. కానీ సెంటు స్థలంలో నాలుగు గోడలు వేశాక, వలలు ఎక్కడ ఆరేస్తాం, చేపలు ఎక్కడ ఎండబెడతాం, నలుగురు ఆడవాళ్ళం కలిసి ఎక్కడ కూర్చుంటాం అనే ప్రశ్నలకి ఆ ప్లానులో జవాబు లేదు. మూల లేని ఇంట్లోంచి మూలలు మాత్రమే ఉన్న ఇంట్లోకి వచ్చాం. పట్టా మీద పేరు మనది, ప్లాను మీద గీత మనది కాదు.

మన సంఘాల్లో కొంతమంది అంటారు, కట్నం చావులు, అత్యాచారాలు, కూలిరేట్లు ఉండగా బల్లలూ గొళ్ళేలూ మన ఎజెండానా అని. కేరళలో ఏం జరిగిందో చూడండి. కోజికోడ్‌లో విజి అనే ఒక దర్జీ పనిచేసే స్త్రీ చొరవతో ‘పెంకూట్టు’ అనే సంఘం పుట్టింది. షాపుల్లో పనిచేసే ఆడవాళ్ళకి మరుగుదొడ్లు కావాలన్నది దాని మొదటి పోరాటం. తరువాత కూర్చునే హక్కు. బట్టల షాపులో అమ్మాయి రోజంతా నిలబడాలి, గిరాకీ లేనప్పుడు గోడకి ఆనుకున్నా జీతం కోసేవారు. ఏళ్ళ తరబడి పోరాడగా 2018లో కేరళ ప్రభుత్వం షాపుల చట్టం సవరించి కూర్చునే సౌకర్యం తప్పనిసరి చేసింది. 2021లో తమిళనాడు కూడా చేసింది. అడిగింది ఒక స్టూలు. దాన్ని అడగడానికి సంఘం పెట్టాల్సి వచ్చింది, ఉద్యోగాలు పోగొట్టుకోవాల్సి వచ్చింది, శాసనసభ దాకా వెళ్ళాల్సి వచ్చింది. స్టూలు అంత చిన్న విషయమే అయితే యజమానులు అంతగా ఎందుకు అడ్డుపడ్డారు? మన తునిలో అయినా, మీ ఊళ్ళో అయినా ఈసారి చీర కొనడానికి వెళ్ళినప్పుడు కౌంటరు వెనక ఏముందో ఒకసారి తొంగి చూడండి.

చేపలమ్మే ఆడవాళ్ళకి చట్టం ఇప్పటికే ఒకటి ఉంది. 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం. ప్రతి పట్టణంలోనూ మున్సిపల్ కమిషనరు అధ్యక్షతన వెండింగ్ కమిటీ ఉండాలని అది చెబుతుంది. అందులో కనీసం నూటికి 40 మంది వీధి వ్యాపారులే ఎన్నుకున్న ప్రతినిధులు కావాలి, వారిలో మూడోవంతు ఆడవాళ్ళు కావాలి. స్వచ్ఛంద సంస్థలకీ, ప్రజాసంఘాలకీ నూటికి పది తగ్గకుండా స్థానం ఉంది. అంటే ఈ పత్రిక చదివే మనలో ఎవరైనా ఆ కుర్చీలో కూర్చోవచ్చు. అయిదేళ్ళకోసారి సర్వే జరగాలి, అయిదేళ్ళకోసారి వీధి వ్యాపారానికి ప్లాను తయారవాలి. సర్వే పూర్తయ్యేదాకా ఎవరినీ లేపడానికి వీల్లేదు. ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నది నిర్ణయమయ్యేచోట ఎలా కూర్చోవాలన్నది కూడా మాట్లాడవచ్చు. డబ్బు లేదంటారా? 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఆడవాళ్ళకి యూనిట్ ఖర్చులో నూటికి 60 వంతులు సబ్సిడీ పెట్టారు, జనరల్ కేటగిరీ వాళ్ళకి 40. ఆ పథకంలో ముఖ్యపాత్ర మొదట చెప్పిన చేప భవనంలోని మండలిదే. కనుక ఆ తలుపు తట్టడానికి మనకి హక్కు ఉంది, తట్టేటప్పుడు చేతిలో ఒక నమూనా ఉంటే ఇంకా మంచిది.

ఆ నమూనా కోసం ఇంజనీరింగు కాలేజీలకి వెళ్ళే ముందు నాది ఒక సూచన. పదిమంది చేపలమ్మేవాళ్ళ దగ్గరికి ఒక టేపు పట్టుకుని వెళ్ళండి. కూర్చున్నప్పుడు నేలనుంచి మోకాలు ఎంత, కన్ను ఎంత, చెయ్యి ఎంతవరకు అందుతుంది, కత్తిపీట పొడవెంత, గంప చుట్టుకొలత ఎంత అన్నీ రాసుకోండి. కొలవడం వాళ్ళచేతే చేయించండి. మధ్యాహ్నం బేరాలు లేని వేళ వెళ్ళండి, పొద్దున్న వెళితే తిడతారు. సుద్దముక్కతో నేలమీద గీసి, ఇటికలు పేర్చి, ఆ ఎత్తున ఒకరిని కూర్చోబెట్టి నిజంగా ఒక చేప కోయించి చూడండి. బాగా లేదంటే ఒక ఇటిక తీసేయండి. అలా కుదిరిన కొలతల కాగితం మీద వాళ్ళ సంతకాలో వేలిముద్రలో తీసుకుని, ఒక కాపీ కమిటీకి ఇచ్చి, రసీదు అడగండి. ఇంకో కాపీ ఈ పత్రికకి పంపండి. తుని కొలతలకీ, భీమిలి కొలతలకీ, మచిలీపట్నం కొలతలకీ తేడా ఏమైనా ఉందేమో చూద్దాం.